తగ్గినవాళ్ళ గ్రూపు

శనివారం సాయంత్రం ఆరు కావస్తుంటే నాగవంశీ లారీ ఎక్కుతాడు. నడపడానికి కాదు. ఆ లారీకి నడిచే యోగం పోయి చాలాకాలమైంది. ఇంజను విప్పి ఎవరో ఎటో పట్టుకుపోయారు, ఓనరు ఫోనెత్తడం మానేశాడు, చక్రాల కింద గడ్డి మొలిచింది. గాజువాక ఆటోనగర్‌లో వంశీ పనిచేసే లేతు మిషన్ల షెడ్డు వెనక, తలుపులున్న చోటు అదొక్కటే. ఇంటికి వెళ్దామంటే రెండు గదులు, నలుగురు మనుషులు, పొద్దస్తమానం మోగే టీవీ. "మీ ఇంట్లో ప్రశాంతంగా ఉండే మూల ఒకటి చూసుకోండి" అని కుసుమకుమారి మేడమ్ మొదటిరోజే చెప్పింది. చెప్పడానికేం, ఆవిడ వెనక ఎప్పుడూ తెల్లటి గోడా ఒక పచ్చని మొక్కా కనిపిస్తాయి. వంశీకి దొరికిన మూల ఈ డీజిలు కంపు కొట్టే క్యాబిను.

అద్దాలు పైకి బిగించి, ఫోనుని స్టీరింగుకి ఆనించి, లింకు నొక్కాడు. తెర మీద గడులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. గడికొక మొహం. ముప్ఫై దాటిన మొహం ఒక్కటీ లేదు. అందరూ ఒకప్పుడు జుట్టంతా పోగొట్టుకుని మళ్ళీ తెచ్చుకున్నవాళ్ళే. క్యాన్సరు వచ్చి నయమైన కుర్రకారుకి మనసు మీది బరువు దించుకోవడం నేర్పడానికి ఒక ట్రస్టువాళ్ళు పెట్టిన గ్రూపు అది. అసలు పేరు ఇంగ్లీషులో బారెడుంటుంది. వాళ్ళలో వాళ్ళు మాత్రం తగ్గినవాళ్ళ గ్రూపు అంటారు. జబ్బు పేరు అక్కడ కూడా ఎవరూ ఎత్తరు. "నాకు తగ్గి ఏడాదైంది", "నాకు తగ్గి మూడేళ్ళు" అంటారు, అంతే.

"అందరూ పిడికిళ్ళు బిగించండి. ఇంకా గట్టిగా. ఇప్పుడు వదిలేయండి. భారమంతా వేళ్ళ చివర్ల నుంచి జారిపోతోందనుకోండి" అంది మేడమ్.

వంశీ బిగించాడు, వదిలాడు. వేళ్ళ చివర్ల నుంచి ఏం జారుతోందో అతనికి తెలిసే దారి లేదు. మందుల పుణ్యమా అని అవి మొద్దుబారిపోయి ఉన్నాయి. ఒకప్పుడు మిషన్ మీద తిప్పిన ఇనుప షాఫ్టుకి చూపుడువేలు ఆనిస్తే ఎక్కడ గరుకుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఇప్పుడు ఇనుమూ ఒకటే, చెక్కా ఒకటే. ఈ సంగతి షెడ్డులో ఎవరికీ తెలియదు. అసలు జబ్బు సంగతే తెలియదు. అప్పట్లో నెలల తరబడి పనికి రాకపోతే పచ్చకామెర్లని అమ్మ పద్మావతి చెప్పింది. అందరూ నమ్మారు.

ఇప్పుడు ఆ మొద్దు వేళ్ళకి ఇంకో పని పడింది. మెడకి కుడిపక్కన, మొదటిసారి గడ్డ లేచిన చోటుకి కాస్త కింద ఏదో ఉన్నట్టుంది. ఉన్నట్టుంది అనగలడు గానీ ఉందని చెప్పలేడు. పొద్దున తగిలినట్టే ఉంటుంది, మధ్యాహ్నానికి ఉండదు. చెకప్ తేదీ వచ్చి వెళ్ళిపోయింది. షెడ్డులో పని ఎక్కువగా ఉందని ఇంట్లో చెప్పాడు. వెళ్తే ఏదో ఒకటి తేలిపోతుంది. వెళ్ళనంతకాలం తను తగ్గినవాడే.

"ఇప్పుడు ఒక్కొక్కరూ చెప్పండి. ఈ వారం టెన్షన్ పదికి ఎంత?"

ద్వారకా నగర్ రోహిత్ నాలుగన్నాడు. బ్యాంకు పరీక్షల కోచింగు, వచ్చే వారం మాక్ టెస్టు. ఇంకో అమ్మాయి మూడంది. తర్వాత దువ్వాడ ఆశాజ్యోతి వంతు. గ్రూపులో నవ్వించే పిల్ల ఆమె. బీఫార్మసీ చదువుతూ మధ్యలో ఆపింది. వంశీ చేరిన కొత్తలో వారాల తరబడి నోరు విప్పకపోతే, నంబరు పట్టుకుని తనే ఫోన్ చేసి, "అన్నా, నీకు మాటలు వచ్చా, లేకపోతే ఆపరేషన్లో తీసేశారా?" అని అడిగింది. ఆ రోజు అతను చాలాకాలానికి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. అప్పటినుంచి వంశన్నా అనే పిలుపు.

"పదకొండు మేడమ్" అంది ఆశ.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"స్కాన్ రిపోర్టు వచ్చింది. మళ్ళీ వచ్చేసింది మేడమ్. ఈసారి ఛాతీలో కూడా ఉందంట."

గడుల్లో మొహాలు కదలడం మానేశాయి. నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాడు వంశీ. ఆగలేదు, ఎవరి ఇంట్లోదో కుక్కర్ కూత వినిపిస్తూనే ఉంది.

"ఆశా, మనం విడిగా మాట్లాడుకుందాం అమ్మా" అంది మేడమ్ తడబడుతూ. "ఇప్పుడు అందరం ఒకసారి నెమ్మదిగా గాలి పీల్చుకుందాం."

"విడిగా ఎందుకు మేడమ్? నాకు అందరితోనే చెప్పుకోవాలనుంది."

రోహిత్ గడి మాయమైంది. నెట్ పోయిందని తర్వాత మెసేజ్ పెట్టాడు. ద్వారకా నగర్ నడిబొడ్డున నెట్ పోయిందట! ఆశ మాత్రం చెప్పుకుంటూ పోయింది. నొప్పి లేదు, జ్వరం లేదు, మెట్లెక్కితే కొంచెం ఆయాసం. ఎండలకి అనుకుంది. "తగ్గిపోయింది కదాని ధీమా మేడమ్. చెకప్‌కి లేటుగా వెళ్ళాను. అదే తప్పు చేశాను."

వంశీ చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్ళింది. తెర మీద తన గడిలో ఆ చెయ్యి తనకే కనిపించింది. గబుక్కున కెమెరా ఆపేశాడు. ఆ పిల్ల మీద జాలి పడాల్సిన సమయంలో అతనికి కోపం వచ్చింది. ఇవన్నీ మా ముందు ఎందుకు చెప్తోంది, ఆపదేం అని పళ్ళు కొరుక్కున్నాడు.

*

సోమవారం పంపు షాఫ్టు ఒకటి పాడుచేశాడు.

కష్టమైన పనేం కాదు. కళ్ళు మూసుకుని చేసే పని. బేరింగు కూర్చునే చోట చివరి కోత ఒక్కటే మిగిలింది. షాఫ్టు గిర్రున తిరుగుతోంది, తెల్లటి నూనెనీళ్ళు కారుతున్నాయి, ఇనుప చుట్టలు సన్నగా ఊడి కింద పడుతున్నాయి. ఆ మధ్యలో కుడిచెయ్యి మెడ మీదికి వెళ్ళింది. ఉందా? ఉన్నట్టే ఉంది. కింద నుంచి పైకి నొక్కితే ఉంది, పై నుంచి కిందికి నొక్కితే లేదు. చెయ్యి దించాక, ఇనుముని కోసే టూలుని ముందుకి తిప్పాడో లేదో గుర్తు రాలేదు. తిప్పలేదనుకుని మళ్ళీ తిప్పాడు. మిషన్ ఆపి బేరింగు తొడిగి చూస్తే బిగుతుగా దిగాల్సింది కాస్తా చేతిగాజులా వదులుగా జారింది.

పక్క మిషన్ మీదున్న జగ్గారావు వంగి చూశాడు. "ఏటి బావా, మతి ఉండే సేత్తన్నావా?"

"సైజు తప్పింది."

"నువ్వు సైజు తప్పడమేటి?"

ఓనరు అర్జునరావు వచ్చి షాఫ్టుని అటూ ఇటూ తిప్పి చూసి నిట్టూర్చాడు. చెడ్డవాడు కాదు. "సరే, వెల్డింగు పోయించి మళ్ళీ తిప్పు. పార్టీకి నాను సెప్పుకుంటాను. ఏటలా ఉన్నావు? కామెర్లు గాని తిరగబెట్టాయేటి?"

"లేదండి" అన్నాడు వంశీ. తిరగబెట్టడం అనే మాట వినపడగానే షాఫ్టు అందుకుని అటు తిరిగిపోయాడు.

మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకున్నాక లారీ వెనక్కి వెళ్ళి మేడమ్‌కి ఫోన్ చేశాడు. ఏం చెప్పాలో ముందే కూడబలుక్కున్నాడు గానీ, ఆవిడ గొంతు వినగానే అన్నీ కలగాపులగమైపోయాయి.

"మేడమ్, నేను వంశీనండి. శనివారం నుంచి నాకు నిద్దర లేదు. పని కూడా పాడైపోతంది. మేం వచ్చేది టెన్షన్ తగ్గించుకోడానికి కదండీ? తిరగబెట్టినోళ్ళు కూడా అక్కడే కూచుని అవన్నీ చెప్తా ఉంటే మాలాంటోళ్ళం ఏమైపోవాలండీ?"

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"మీరొక్కరే కాదు వంశీ. ఇంకా కొందరు ఫోన్ చేశారు. ఆ అమ్మాయి పరిస్థితి చూస్తే నాకూ బాధగానే ఉంది. కానీ గ్రూపు చికిత్స పూర్తయినవాళ్ళకే అని ట్రస్టువాళ్ళ నియమం. మాట్లాడతాను. నా దగ్గర్నుంచి మీ పేరు బయటికి రాదు."

"ఆ పిల్ల మంచిదేనండి. నాకేం కోపం లేదు."

"తెలుసు. మీరు గాలి పీల్చే అభ్యాసం మానకండి."

ఫోన్ పెట్టేశాక గుండె తేలికపడింది. తనొక్కడే కాదు, ఇంకా కొందరు చేశారు. నలుగురూ అనుకున్న మాట తనూ అన్నాడు, అందులో తప్పేముంది? ఆ పూట చాలారోజులకి అన్నం సయించింది. జగ్గారావు డబ్బాలోంచి చేపల పులుసు కూడా వేయించుకుని తిన్నాడు.

*

బుధవారం ఫోన్ తెరిస్తే వాట్సాప్ గ్రూపులో సన్నటి అక్షరాల్లో ఒక వరుస ఉంది. ఆశాజ్యోతిని అడ్మిన్ తొలగించారు. దాని కింద మేడమ్ మెసేజ్. చికిత్సలో ఉన్నవారికి వేరే గ్రూపు ఉందనీ, ఆశకి అక్కడ తగిన తోడు దొరుకుతుందనీ, అందరూ ఆమె కోసం ప్రార్థించమనీ. దాని కింద వరసగా దండాల బొమ్మలు. రోహిత్ మూడు పెట్టాడు. వంశీ ఒకటి పెట్టాడు.

మర్నాడు సాయంత్రం పని దిగి ఇంటికి నడుస్తుంటే ఆశ ఫోన్. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాడు.

"వంశన్నా, నన్ను తీసేశారు సూసావా?" గ్రూపులో మాట్లాడేటప్పుడు సర్దుకునే భాష ఇప్పుడు లేదు. గొంతు కూడా కాస్త అరిగినట్టుంది.

"చూశాను."

"కొత్త గ్రూపు మంగళవారం పొద్దున పదకొండుకంట. అందరూ మా అమ్మ ఈడోళ్ళు, తాతలూను. ఆళ్ళకి షుగరుందీ, కొడుకు సూడ్డు, ఇయ్యే మాటలు. అయినా మంగళవారం నాకు సెలైను ఎక్కిత్తా ఉంటారు కదా, ఏటి మాటాడతాను?" కాసేపు ఊపిరి తీసుకుంది. "నా వల్ల ఎవరికో ఇబ్బందైందంట. మేడం అలాగే అంది. ఎవరో నీకు తెలుసేటి?"

దారి పక్కన పానీపూరీ బండివాడు గరిటె వాయిస్తున్నాడు. వంశీ ఆ గరిటె వైపు చూస్తూ, "తెలీదు ఆశా" అన్నాడు.

"పోనీలే. అన్నా, ఒకటడగనా? ఈ వారం లింకు నాకు పంపుతావా? కెమెరా ఆపేసి, పేరు మార్చేసుకుని కూకుంటాను. మా అమ్మ పేరెట్టుకుంటాను. సన్యాసమ్మ అని కొత్తగా ఎవరో వచ్చిందనుకుంటారు." నవ్వబోయి దగ్గింది. "ఒక్క మాట కూడా మాటాడను. ఇంటాను, అంతే. మీ అందరి మాటలూ ఇనకపోతే శనివారం గడిసేలా లేదు."

"పంపుతాన్లే" అన్నాడు.

శుక్రవారం లింకు వచ్చింది. ఆశకి పంపడానికి ఆమె పేరు దాకా వెళ్ళాడు. బొటనవేలు అక్కడ ఆగిపోయింది. పంపితే ఆ నల్లటి గడి వెనక ఆమె ఉంటుంది. తనొక్కడికే తెలుస్తుంది. పిడికిలి బిగించి వదిలినంతసేపూ ఆ గడినే చూస్తూ కూర్చోవాలి. ఫోన్ జేబులో పెట్టేసి, రేపు పంపుదాంలే అనుకున్నాడు. పంపడని తనకి బాగానే తెలుసు.

*

శనివారం పొద్దున పద్మావతి కొడుకుని పీట మీద కూర్చోబెట్టి తలకి నూనె పెట్టింది. జుట్టు మళ్ళీ మొలిచినప్పటి నుంచి ఆవిడ ఈ పని ఒక్క శనివారం కూడా మానలేదు. ఒక్కొక్క పాయా విడదీసి, మొక్కకి నీళ్ళు పోసినంత శ్రద్ధగా రాస్తుంది. నడినెత్తి, కణతలు, చెవుల వెనక. అక్కడితో చెయ్యి ఆగిపోతుంది. ఎప్పుడూ అక్కడితోనే ఆగుతుంది. ఇన్నాళ్ళూ వంశీ అది గమనించలేదు.

"అమ్మా, మెడక్కూడా రాయవే."

చెవి వెనక ఆవిడ చెయ్యి ఆగింది. నూనె చుక్క ఒకటి జారి అతని భుజం మీద పడింది.

"మెడకెందుకురా? చొక్కాకి జిడ్డవుద్ది" అంది పద్మావతి. చీరచెంగుకి చేతులు తుడుచుకుని, పాలు పొంగుతున్నాయేమో అంటూ లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు లేవు.

వంశీ పీట మీదే కూర్చుండిపోయాడు. ఆవిడకి అనుమానం ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఉందో! తను చెకప్‌కి వెళ్ళలేదని తెలుసు, అడగదు. అడిగితే వెళ్ళమనాలి, వెళ్తే తెలుస్తుంది. ఈ ఇంట్లో నలుగురూ ఊపిరి బిగబట్టుకుని బతుకుతున్నారని అతనికి ఆ క్షణంలో అర్థమైంది. ఏడుపు వచ్చింది. నూనె తలతో ఏడవడం కూడా సరిగ్గా కుదరలేదు, కళ్ళు మండాయి.

ఆ రోజు పెందలాడే పని దిగి కూర్మన్నపాలెం వరకు షేర్ ఆటోలో వెళ్ళి, అక్కడి నుంచి ఇంకో ఆటోలో దువ్వాడ చేరాడు. ఆశ ఇల్లు, ఆమె ఎప్పుడో ఫోన్లో చెప్పిన గుర్తుల ప్రకారం, స్టేషన్ వెనక సందులో, మేడ మీద వాటా. మెట్ల మీద చెప్పులు విడుస్తుంటే గూడ్సుబండి ఒకటి పోతోంది. మెట్లు సన్నగా అదిరాయి. వెనక్కి పోదామా అనిపించింది. అప్పటికే తలుపు తెరుచుకుంది.

"నువ్వేనా నాయినా వొంశీవి? మా గుంట ఎప్పుడూ నీ పేరే సెప్తాది. రా, లోనికి రా" అంది సన్యాసమ్మ. శ్రీకాకుళం పల్లెలో పొలం పనులు చేసి గట్టిపడిన మనిషి. కళ్ళ కింద మాత్రం చర్మం నల్లగా వేలాడుతోంది. "ఆల నాన్న డ్యూటీకెల్లాడు. టీ పెడతాను, ఉండు."

ఫోన్ తెర మీద గడిలో చూసిన ఆశ వేరు, ఈ ఆశ వేరు. ఇంత పొట్టిపిల్ల అనుకోలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. ఎడమచేతి మీద సూదికి వేసిన తెల్లటి పట్టీ.

"లింకు అడిగితే మనిషే వచ్చాడు" అంది నవ్వుతూ.

వంశీ నిలబడే చెప్పేశాడు. కూర్చుంటే చెప్పలేనని భయం. "మేడంకి ఫోన్ చేసింది నేనే ఆశా. నువ్వుంటే భయమేస్తందని చెప్పాను. నిన్ను తీసెయ్యమని అనలేదు గానీ, అన్నట్టే. తెలీదని నీతో అబద్ధం కూడా ఆడాను."

ఆశ కుర్చీ చేతిని గోటితో గీకుతూ వింది.

"నువ్వు తెలీదన్నప్పుడే తెలిసిపోయిందిలే" అంది చివరికి. "కూకో. నీ మీద కోప్పడ్డానికి నాకు మొహం ఉండాల కదా."

"అదేంటి?"

"నువ్వు గ్రూపులోకి రాకముందు దేవీప్రసాద్ అని ఒకడుండీవోడు. అనకాపల్లి. మేడం కళ్ళు మూసుకోమంటే ఆడు గురకెట్టీవోడు, మేం పడీపడీ నవ్వేవోళ్ళం. ఆడికి తిరగబెట్టింది. నాలాగే అందరి ముందూ సెప్పాడు. మర్నాడే నాను మేడంకి ఫోన్ సేసి గోలగోల సేసాను. ఆడుంటే నాను మానేత్తానని బెదిరించాను. తిరగబెట్టినోళ్ళని వేరే గ్రూపులో ఎయ్యడం అప్పుడే మొదలన్నా. ఆ రూలు ట్రస్టుది కాదు, నాదే."

వంశీ కుర్చీలో కూలబడ్డాడు.

"ఆడు నాకు ఫోన్ సేసి ఏటడిగాడో తెలుసా? లింకు పంపవా అని. నెట్ బాగోలేదు, తరవాత పంపుతానన్నాను. మొన్న నిన్ను అడుగుతా ఉంటే నా నోట్లోంచి ఆడి మాటలే వచ్చాయి. ఒళ్ళు జలదరించింది."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

"ఏటుండడం? సచ్చిపోయాడు. ఆల సెల్లి స్టేటస్ పెడితే నాను సూసాను. మన గ్రూపులో ఎవరూ ఒక్క ముక్క అనలేదు. ఆడు గ్రూపులో లేడు కదా."

సన్యాసమ్మ టీ గ్లాసులు తెచ్చి ఇద్దరి మధ్యా స్టూలు మీద పెట్టింది. ఇద్దరి మొహాలూ చూసి గుమ్మం దగ్గరకి వెళ్ళి కూర్చుంది. టీ మీద మీగడ కట్టేదాకా ఎవరూ ముట్టుకోలేదు.

"ఆరవుతంది" అంది ఆశ. "జాయినవ్వు. నాను పక్కకి కూకుంటాను, కనపడను. సూసి ఆళ్ళు హడలిపోతారు, ఎందుకొచ్చిన గొడవ."

కుర్చీని కాళ్ళతో తోసుకుంటూ ఫోనుకి అందనంత దూరం జరిగింది. వంశీ ఫోనుని టీ గ్లాసుకి ఆనించి లింకు నొక్కాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోలేదు. గడులు తెరుచుకున్నాయి. మేడమ్ వెనక తెల్లగోడ, మొక్క. పిడికిళ్ళు బిగించమంది, వదలమంది. గోడవారన ఆశ కూడా కళ్ళు మూసుకుని పిడికిలి బిగించింది, సూది ఉన్న చెయ్యి వదిలేసి ఒక్క చెయ్యే.

"చెప్పండి. ఈ వారం పదికి ఎంత?"

రోహిత్ రెండన్నాడు. ఇంకొకరు కూడా రెండన్నారు. ఇంకో అమ్మాయి ఒకటంది. ఎంత బాగున్నారో అందరూ! ఒక్క మనిషిని తీసేస్తే చాలు, ఊరంతా కుదుటపడిపోయింది.

"వంశీ?"

"పదికి ఎంతో తెలీదు మేడమ్. నా మెడ దగ్గర ఏదో తగులుతోంది. చాలారోజులైంది. చెకప్ ఎగ్గొట్టాను. నా వేళ్ళకి స్పర్శ లేదు కాబట్టి అది ఉందో లేదో కూడా నాకు తెలీదు. ఇంట్లో అడిగితే చెయ్యి పెట్టడానికి భయపడతన్నారు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "సోమవారం ఆశ మీద మీకు ఫోన్ చేసింది కూడా నేనే. అందరికీ తెలియాలని చెప్తున్నాను."

రోహిత్ తల వంచుకున్నాడు, నడినెత్తి మాత్రమే కనిపించింది. ఇంకో గడి నల్లగా అయిపోయింది. కెమెరా ఆపేశారు. మేడమ్ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది.

"వంశీ, మనం... విడిగా మాట్లాడుకుందాం" అంది.

ఆ మాట ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. అంతమంది మధ్యలో కూర్చునుండగానే తనని ఎవరో బయట నిలబెట్టి తలుపు వేసినట్టయింది. వచ్చే బుధవారం తన పేరు సన్నటి అక్షరాల్లో ఉంటుంది. దాని కింద దండాల బొమ్మలుంటాయి.

"విడిగా వద్దు మేడమ్" అన్నాడు. "తీసేస్తే తీసెయ్యండి గానీ, ఇక్కడే మాట్లాడండి."

గోడవారన కుర్చీ కిర్రుమంది. పట్టీ వేసిన చెయ్యి ఒకటి అతని గడిలోకి వచ్చింది. ముందు వేళ్ళు, తర్వాత మణికట్టు. ఫోన్లలోంచి చూస్తున్నవాళ్ళకి మనిషి కనపడదు, ఆ చెయ్యే కనపడుతుంది.

"తల కొంచెం ఇటు వంచన్నా" అంది ఆశ.

గొంతు గుర్తుపట్టి రోహిత్ చటుక్కున తలెత్తాడు. ఆశ వేళ్ళు చల్లగా ఉన్నాయి. చెవి కింద మొదలుపెట్టి, వరసగా నొక్కుకుంటూ కిందికి వచ్చాయి. అంత జబ్బులోనూ తొందరపడలేదు. ఒకచోట ఆగాయి. వెనక్కి వెళ్ళి మళ్ళీ అక్కడికే వచ్చాయి. వంశీ నడుం దగ్గర ముడతపడ్డ చొక్కా అంచుని పట్టుకుని కూర్చున్నాడు. ఏమీ లేదనమని లోపల దేవుళ్ళందరికీ మొక్కుతున్నాడు. తను ఎవరి చేతికి మెడ అప్పగించి ఆ మొక్కు మొక్కుతున్నాడో గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా మొక్కడం ఆపలేకపోయాడు.

"ఉందన్నా" అంది ఆశ. "శనగ గింజంత. నొక్కితే కదుల్తంది. కదిలితే మంచిదంటారు. మొదటిసారి నాదైతే కదల్లేదు. నాకంతకంటే తెలీదు."

గుమ్మంలో సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"సోమవారం బ్లడ్ టెస్టుకి నాను వెళ్తన్నాను. పెందలాడే వచ్చెయ్. ఓపీలో ఇద్దరం ఒకేసారి చీటీ రాయించుకుందాం."

తెర మీద గడులన్నీ అలాగే ఉన్నాయి. నల్లబడ్డది నల్లగానే ఉంది. మాట్లాడినవాళ్ళు లేరు, వెళ్ళిపోయినవాళ్ళూ లేరు. మేడమ్ వేలు మౌసు మీద ఉందో ఎక్కడుందో కనపడదు.

"వస్తాను" అన్నాడు వంశీ.